అమ్మబోవు లారీ – కంటికి కనిపించని పొగ

శ్రీశైలము రహదారి హైదరాబాదు బాహ్యవలయ రహదారిని కలియు చోట తుక్కుగూడ ఉన్నది. 158 కిలోమీటర్ల ఆ వలయముపై తిరుగు లారీలలో కొన్ని ఇచట దిగి కందుకూరు, కడ్తాల, ఆమనగల్లు వైపు పోవును. మరికొన్ని అటునుండి వచ్చి వలయమెక్కి శంషాబాదు విమానాశ్రయము వైపునకో, విజయవాడ దారికో మరలును. పదేండ్ల క్రిందట బరువెక్కిన లారీ వెనుక మోటారు సైకిలుపై పోవువానికి నల్లని పొగలో మునిగి తేలుట తప్పెడిది కాదు. ఇటీవలి లారీల వెనుక అట్టి పొగ కానరాదు. పొగ కానరానందున గాలి చెడుట లేదని మనము తలంతుము. ఆ తలంపు అన్నివేళల నిజము కాదు. అది ఎప్పుడు అబద్ధమగునో తెలిసికొనుట లారీ అమ్మువానికిని, కొనువానికిని, ఆ దారి ప్రక్క కాపురముండువానికిని అవసరము.

మన దేశములో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 అను ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. అంతకు ముందున్న నాలుగవ స్టేజి హైదరాబాదు వంటి 13 నగరములలో 2010లోను, దేశమంతట 2017 ఏప్రిల్ నుండియు నడచినది. ఐదవదానిని దాటవేసి ఒక్కసారిగ ఆరవదానికి గంతు వేసినారు. నాలుగవ స్టేజి లారీ ఇంజను ఒక కిలోవాట్ గంట పని చేసినపుడు 3.5 గ్రాముల నత్రజని ఆక్సైడులు విడువవచ్చును. ఆరవ స్టేజిలో ఆ హద్దు 0.46 గ్రాములు. పరీక్షించు పద్ధతి కూడ కొంత మారినది గాని, తగ్గింపు ఎంత గొప్పదో ఈ రెండంకెలే చెప్పును. ఇంజనులో చేసిన చిన్న చిన్న సవరణలతో ఇంత తగ్గింపు సాధ్యము కాదు. అందుచే లారీ క్రింద ఒక చిన్న రసాయన కర్మాగారమునే అమర్చవలసి వచ్చినది. 2020లో కొన్న లారీలు ఇప్పుడు రెండవ యజమాని చేతికి, మూడవ యజమాని చేతికి పోవుచున్నవి. ఆ కర్మాగారములో ఏదో ఒక భాగము చెడిన సమయముననే యజమానికి లారీ అమ్మివేయవలెనని బుద్ధి పుట్టుట కూడ మానవ సహజమే.

ముందుగ నత్రజని ఆక్సైడుల సంగతి చూతము. మనము పీల్చు గాలిలో ఐదింట నాలుగు వంతులకు కొంచెము తక్కువగ నత్రజని ఉన్నది. అది మహా సోమరి వాయువు. సామాన్యముగ దేనితోను కలియదు. కాని డీజిలు ఇంజనులో మంట మండు చోట ఉష్ణోగ్రత రెండువేల సెంటిగ్రేడు డిగ్రీలను సమీపించును. అంత వేడిలో ఆ సోమరితనము వదలి నత్రజని ఆమ్లజనితో కూడి నైట్రిక్ ఆక్సైడు అగును. అనగా ఈ విషము డీజిలులోనుండి పుట్టినది కాదు. గాలిలోనుండియే పుట్టినది. ఎంత శుభ్రమైన డీజిలు పోసినను ఇది తప్పదు.

ఇందులో ఒక చిక్కు కలదు. మంట వేడిగ మండినచో మసి తగ్గును, నత్రజని ఆక్సైడులు పెరుగును. మంటను చల్లార్చినచో నత్రజని ఆక్సైడులు తగ్గును, మసి పెరుగును. ఒకదానిని అణచిన రెండవది తల ఎత్తును. కావున నల్లని పొగ లేని లారీ తప్పక మంచి లారీ అనుకొనరాదు. నైట్రిక్ ఆక్సైడునకు రంగు లేదు. కొట్టమునుండి వెలువడునపుడు కంటికి దొరకదు. గాలిలో చేరిన పిదప మెల్లగ నైట్రోజన్ డయాక్సైడుగ మారి ఊపిరితిత్తులను మండించును. ఎండ తగిలినపుడు ఈ డయాక్సైడునుండి ఒక ఆమ్లజని పరమాణువు విడివడి, మామూలు ఆమ్లజనితో చేరి ఓజోను అగును. లాస్ ఏంజెల్స్ నగరమును కమ్మిన పొగమంచులో ఓజోను ఈ విధముగనే పుట్టుచున్నదని 1950 ప్రాంతములలో హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. అంతకు ముందు ఆయన అనాసపండు వాసనకు కారణమైన పదార్థములను పరిశోధించుచుండెడివాడు! మన తెలంగాణపు ఎండ లాస్ ఏంజెల్స్ ఎండకు ఏమాత్రము తీసిపోదు.

పెట్రోలు కారులో నత్రజని ఆక్సైడులను విరుచుట కొంత సులభము. అందు ఆమ్లజని దాదాపు అంతయు మంటకే ఖర్చగును గనుక, ఒక్క ఉత్ప్రేరకపు పెట్టె చాలును. డీజిలు ఇంజను గాలిని ఎప్పుడును అవసరమునకు మించి పీల్చును. బయటికి పోవు వాయువులలో ఆమ్లజని ఇంకను మిగిలియుండును. ఆమ్లజని నిండిన చోట ఆమ్లజనిని ఊడబెరుకుట ఎట్లు? నత్రజని ఆక్సైడుతోనే ఎంచి ఎంచి కలియు ఒక పదార్థము కావలెను. అట్టి పదార్థము అమోనియా.

అమోనియాను సిలిండరులో నింపి రోడ్డుపై త్రిప్పుట ప్రమాదము. అందుచే యూరియా రూపమున మోసికొనిపోవుదురు. 1828లో వోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు జంతు శరీరముతో పనిలేక ప్రయోగశాలలో తయారుచేసిన పదార్థమే ఈ యూరియా. లారీ ప్రక్కన నీలిరంగు మూతగల చిన్న టాంకులో నూటికి 32.5 పాళ్ల యూరియా, మిగిలినది శుద్ధమైన నీరు ఉండును. డ్రైవర్లు దీనిని డెఫ్ అనియో, యూరియా నీళ్లు అనియో పిలుతురు. 32.5 అను అంకె ఊరకే పెట్టినది కాదు. ఈ పాళ్లలో కలిపిన ద్రావణము సున్నకు 11 డిగ్రీలు దిగువ వరకు గడ్డకట్టదు. మరి ఏ పాళ్లలో కలిపినను ఇంతకంటె ముందే గడ్డకట్టును. ఒక పంపు ఈ ద్రావణమును సన్నని చిమ్ముగొట్టము ద్వారా వేడి పొగగొట్టములోనికి తుంపరగ చిమ్మును. వేడికి యూరియా విరిగి అమోనియా, బొగ్గుపులుసు వాయువు అగును. తేనెతుట్టె వంటి ఉత్ప్రేరకపు దిమ్మలోనుండి పోవునపుడు నాలుగు నైట్రిక్ ఆక్సైడు అణువులు, నాలుగు అమోనియా అణువులు, ఒక ఆమ్లజని అణువు కలిసి నాలుగు నత్రజని అణువులుగను, ఆరు నీటి అణువులుగను మారును. గాలినుండి తీసికొన్న నత్రజనిని గాలికే తిరిగి ఇచ్చివేయుట!

ఎంత ద్రావణము ఖర్చగునో లెక్క కట్టవచ్చును. బరువుతో 100 కిలోమీటర్లు పోవు లారీ 30 లీటర్ల డీజిలు త్రాగినదనుకొందము. ఆ డీజిలుతో ఇంజను సుమారు 125 కిలోవాట్ గంటల పని చేయును. శుద్ధి చేయక ముందు కిలోవాట్ గంటకు 8 గ్రాముల నత్రజని ఆక్సైడులు పుట్టినచో మొత్తము ఒక కిలోగ్రాము. దానిని విరుచుటకు దాదాపు రెండు లీటర్ల యూరియా ద్రావణము కావలెను. శుద్ధి సరిగా జరిగినచో బయటికి వచ్చునది 60 గ్రాములకు లోపు. శుద్ధి ఆగిపోయినచో కిలోగ్రామునకు కిలోగ్రామును రోడ్డుపై పడును. అనగా చెడిన ఒక్క లారీ మంచి లారీలు పదునేడింటికి సమానము.

ఒక కిలోగ్రాము ఏపాటి అందురేమో. మన జాతీయ వాయు ప్రమాణముల ప్రకారము 24 గంటల సగటున ఘనమీటరు గాలిలో నైట్రోజన్ డయాక్సైడు 80 మైక్రోగ్రాములకు మించరాదు. ఒక కిలోగ్రాము ఈ వాయువు చదరపు కిలోమీటరు నేలపై పన్నెండున్నర మీటర్ల ఎత్తు గాలిని, అనగా నాలుగంతస్తుల మేడంత ఎత్తు గాలిని, ఆ హద్దు వరకు నింపగలదు. గాలి వీచి చెదరగొట్టుచుండును గనుక నిజముగ అట్లు జరుగదు. కాని వరుసలో పోవు లారీలు కూడ ఒకటి కాదు గదా.

ఇప్పుడు చెడు భాగముల సంగతి. ఈ కర్మాగారములో ఎక్కువగ చెడునవి మూడు నాలుగు. ఉత్ప్రేరకమునకు ముందొకటి వెనుకొకటి ఉండు నత్రజని ఆక్సైడుల సెన్సార్లు మొదటివి. ఇవి జిర్కోనియా పింగాణీతో చేసినవి. లోన ఎఱ్ఱగ కాగి పనిచేయును. కాగిన పింగాణీపై నీటిబొట్టు పడిన పగులును. సెన్సారు పగిలినపుడు శుద్ధి చక్కగనే జరుగుచున్నను లారీలోని కంప్యూటరు జరుగుట లేదని భ్రమపడును. అట్లే చిమ్ముగొట్టము కొసను తెల్లని స్ఫటికములు పేరుకొనుట మరియొక జబ్బు. పొగగొట్టము తగినంత వేడెక్కక ముందు, అనగా సుమారు 200 డిగ్రీలకు లోపు, యూరియా సరిగా విరుగదు. బైయురెట్, సయనూరిక్ ఆమ్లము వంటి గట్టి పదార్థములుగ మారి అంటుకొనును. ఇసుక, కంకర లారీల వలె నాలుగడుగులు నడచి నాలుగు గంటలు నిలుచు బండ్లకు ఈ బాధ ఎక్కువ. పంపు, దాని వడపోత మూడవది. ఉత్ప్రేరకపు దిమ్మ స్వయముగ చెడుట అరుదు. దానిని చాలవరకు మనమే చెడగొట్టుదుము.

ఎట్లందురా? ఖర్చు తగ్గించుకొనుటకు కొందరు పొలము యూరియాను బోరునీటిలో కరగించి పోయుదురు. యూరియా యూరియాయే గదా అని వారి వాదము. మన దేశమున 2015 నుండి పొలము యూరియాకంతటికి వేపనూనె పూయుచున్నారు. పంటకు అది మేలే. నత్రజని మెల్లగ విడుదలగును. కాని ఆ నూనె వడపోత గుడ్డకు జిడ్డు పట్టించును. పొలము యూరియాలో బైయురెట్ నూటికి ఒకటిన్నర వరకు ఉండవచ్చును; లారీ ద్రావణములో 0.3కు మించరాదు. ఇక నీరు. లారీ ద్రావణము కిలోగ్రాములో కాల్షియము అర మిల్లీగ్రామునకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము. లీటరుకు నూరు మిల్లీగ్రాముల కాల్షియము గల బోరునీరు మన రాతినేలలలో వింత కాదు. అది హద్దుకు రెండువందల రెట్లు! టీ గిన్నె అడుగున పేరుకొను సున్నపుచెక్కు వంటిదే ఉత్ప్రేరకపు రంధ్రములలో పేరుకొనును. ఆ దిమ్మ మరల బాగుపడదు. అదియుగాక, రైతు కొరకు రాయితీపై ఇచ్చు యూరియాను ఇతర పనులకు మరలించుట 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద నేరము.

ఆరవ స్టేజి లారీలో ఈ భాగములు చెడినపుడు ముందు దీపము వెలుగును. పట్టించుకొననిచో ఇంజను బలమును కంప్యూటరు నాలుగవ వంతు తగ్గించివేయును. అప్పటికిని పట్టించుకొననిచో లారీ గంటకు 20 కిలోమీటర్ల నడకకు దిగును. అమ్రాబాదు అడవిలో శ్రీశైలము దారిని రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 వరకు మూసివేయుదురని పాఠకులకు తెలియును. సాయంకాలము మన్ననూరు దాటిన లారీకి ఘాటులో ఈ నడక ప్రాప్తించినచో ఆ డ్రైవరు అవస్థ ఊహించుకొనవలసినదే.

ఇచటనే ఒక దొంగదారి తెరచియున్నది. అగ్గిపెట్టె ప్రమాణములో ఒక చిన్న యంత్రమును తీగలకు తగిలింతురు. అది ‘‘అంతయు క్షేమము’’ అని కంప్యూటరునకు దొంగ సంకేతములు పంపుచుండును. దీపము ఆరిపోవును, బలము తిరిగి వచ్చును, యూరియా ఖర్చు కూడ మిగులును. మసి వడపోత పెట్టె అడ్డమైనదని కొందరు లోపలి పింగాణీ తుట్టెను పగులగొట్టి, ఖాళీ డబ్బాను మరల అతుకు వేయింతురు. పై చూపునకు అన్నియు ఉన్నట్లే ఉండును. 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడిన ఫోక్స్‌వాగన్ వ్యవహారములో ఇటువంటి మోసమునే కంపెనీ తన కార్లలో తానే వ్రాసి పెట్టెను. ప్రపంచమంతట సుమారు ఒక కోటి పది లక్షల బండ్లలో. మన చిన్న యంత్రము ఆ పెద్ద మోసమునకు తమ్ముడు.

‘‘కాలుష్య పరీక్షలో నెగ్గినది గదా, ఇంకేమి?’’ అని అడుగువారు కలరు. రోడ్డు ప్రక్క కేంద్రములో డీజిలు బండికి చేయు పరీక్ష ఏమిటో చూడుడు. బండిని నిలిపి, గేరు తీసి, యాక్సిలరేటరును ఒక్కసారిగ త్రొక్కుదురు. పొగ గుండ కాంతిని పంపి ఎంత మరుగుపడినదో కొలుతురు. అనగా మసిని కొలుతురు. నత్రజని ఆక్సైడులను ఆ యంత్రము చూడనే చూడదు. పైగా వేడిగ మండు ఇంజనులో మసి తక్కువని ముందే చెప్పితిని గదా. కావున యూరియా పంపు చచ్చిన లారీ కూడ ఈ పరీక్షలో దర్జాగ నెగ్గును. పరీక్ష చేయువానిది తప్పు కాదు. అతని చేతిలోని యంత్రము చేయగలది అంతే. నా అభిప్రాయములో నేటి పరీక్షావిధానములో ఉన్న పెద్ద లోటు ఇదియే. లారీలోని కంప్యూటరు జ్ఞాపకమును కూడ ఆ కేంద్రములోనే చదివించు ఏర్పాటు ఉన్నగాని ఇది తీరదు.

ఇక అమ్మువాడు ఏమి చేయవలెను? మొదట లోపసంకేతములను చదివించి, ఆ కాగితమును అచ్చు తీయించి దాచవలెను. లోపసంకేతము జ్వరము వంటిది. కారణమును వేరుగ వెదకవలెను. ‘‘శుద్ధి తక్కువ’’ అని సంకేతము వచ్చినదని ఉత్ప్రేరకపు దిమ్మనే మార్చుట తొందరపాటు. తక్కువ ఖర్చునుండి ఎక్కువ ఖర్చునకు పోవుట మేలు. ముందు ద్రావణము పాలు కొలువవలెను. చుక్క వేసి చూచు వక్రీభవన మాపకము ఒక్క నిమిషములో ఈ పని చేయును. టాంకులోనిది పాతదైనచో పారబోసి కొత్తది నింపవలెను. ఈ ద్రావణము 25 డిగ్రీలలో ఏడాదిన్నర నిలువయుండును. 35 డిగ్రీలలో ఆరు నెలలే. కొనువాడు దొరకక వేసవి అంతయు ఎండలో నిలిపిన లారీలో అది అమోనియాగ విరిగి, నీరు ఆవిరియై, చెడిపోవుట ఆశ్చర్యము కాదు. తరువాత వడపోత మార్చవలెను. చిమ్ముగొట్టమును విప్పి గోరువెచ్చని శుద్ధజలములో నానబెట్టినచో యూరియా స్ఫటికములు చాలవరకు కరగును. ఇనుప తీగతో గీకరాదు. తీగల అతుకులు చూడవలెను. ఇవన్నియు అయిన పిమ్మట సెన్సారు వంతు, ఆ పిమ్మట దిమ్మ వంతు. మసి పెట్టె నిండియున్నచో బరువుతో నిలకడగ ఒక దూరప్రయాణము చేయించిన చాలవరకు మసి కాలిపోవును. లేనిచో కంపెనీవారి కార్ఖానాలో బలవంతముగ కాల్పింతురు. కాలిన మసి పోవును గాని ఇంజనాయిలునుండి వచ్చిన బూడిద పోదు. దానికి పెట్టెను విప్పి శుభ్రము చేయింపవలసినదే.

మరమ్మతునకు డబ్బు లేదనుకొందము. అదియు జరుగునదే, కిస్తులు కట్టలేకయే చాలమంది లారీ అమ్ముదురు. అప్పుడు లోపము ఇదియని కాగితముపై వ్రాసి, చదివించిన పత్రము జతచేసి, మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించి అమ్మవచ్చును. సంకేతములను తుడిపించి మరుసటి దినము బేరము పెట్టుట మాత్రము వేరు సంగతి. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ఈ తేడాను చక్కగ చెప్పినది. జబ్బు గుఱ్ఱమును వేలమున అమ్మువాడు ఏమియు పలుకకున్నంత మాత్రమున సామాన్యముగ అది మోసము కాదని ఆ చట్టము 17వ సెక్షనులో ఒక ఉదాహరణము కలదు. కాని తెలిసిన లోపమును పూనుకొని దాచుట మోసమని అదే సెక్షను చెప్పుచున్నది. దీపము వెలుగుచుండ ఊరకుండుట ఒకటి; దీపమును ఆర్పి అమ్ముట మరొకటి. రెండవ పక్షమున కొన్నవాడు ఒప్పందమును రద్దు చేసికొనగోరవచ్చును.

భాగములను పెరికిన లారీ సంగతి ఇంకను గడ్డు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు ఇచ్చిన వివరములకు విరుద్ధముగ బండిని మార్చరాదు. 2019లో చేర్చిన 182-ఎ సెక్షను క్రింద అట్లు మార్చిన యజమానికి ఆరు నెలల వరకు కైదో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. కాలుష్య ప్రమాణములు మీరి నడుపువానికి 190వ సెక్షను క్రింద మూడు నెలల వరకు కైదు లేక 10,000 రూపాయల వరకు జుల్మానా, లేక రెండును; మూడు నెలలు లైసెన్సు కూడ పోవును. ఇది నడుపుచుండగ పట్టుబడినవానిపై పడును. అనగా మొదటివాని పనికి, ఏమియు ఎరుగని రెండవవాడు చిక్కును.

అందుచే కొనువాడు కూడ రెండు కన్నులు తెరచుకొనవలెను. ఆరవ స్టేజి లారీ పొగగొట్టము లోపల తెల్లగుడ్డతో తుడిచినచో దట్టమైన మసి అంటరాదు; అంటినచో లోపల తుట్టె లేదేమో అని అనుమానింపవలెను. యూరియా టాంకును నిండుగ పోయించి, బరువుతో 300 కిలోమీటర్లు నడిపి, మరల నింపి చూడవలెను. మన లెక్క ప్రకారము నాలుగైదు లీటర్లకు తక్కువ కాకుండ పట్టవలెను. ఏమియు పట్టనిచో ఆ లారీలో దొంగ యంత్రము కూర్చుండియున్నదనుకొనవచ్చును. తాళము త్రిప్పగానే హెచ్చరిక దీపములన్నియు ఒక క్షణము వెలిగి ఆరవలెను. అసలు వెలుగనే వెలుగని దీపము ఆరోగ్యమునకు గురుతు కాదు. ఎవరో దానిని పీకివేసియుందురు.

బేరము కుదిరిన పిమ్మట కాగితముల పని. అమ్మువాడు ఫారము 29, కొనువాడు ఫారము 30 నింపి రవాణా కార్యాలయమునకు ఇయ్యవలెను. ఒకే రాష్ట్రములోనైన అమ్మువాడు 14 దినములలో, ఇతర రాష్ట్రమునకైన 45 దినములలో తెలుపవలెను. అప్పుపై కొన్న లారీయైనచో, అప్పిచ్చినవారు ఫారము 35పై సంతకము చేసినగాని వారి హక్కు తొలగదు. ఈ ఫారములతో పాటు మరమ్మతు రసీదులను, లోపసంకేతముల పత్రమును కూడ ఒక కవరులో పెట్టి క్రొత్త యజమానికి అప్పగించి, నకలు ఒకటి తన యొద్ద ఉంచుకొనుట అమ్మువానికి క్షేమము. యూరియా ద్రావణము డబ్బా ఒకటి లారీలో మిగిలియున్నచో, దాని మీద తయారైన తేదీ చూచి మరి ఇయ్యవలెను.